పదిహేడో పేజీ నుంచి

లెనిన్ సెంటర్ దగ్గర
కాలువకి వీపు పెట్టి కూర్చున్న కొట్లలో
నాలుగోది నాగూర్ భాయ్‌ది.
అక్కడ నా పని
పుస్తకాల ఒంటి మీద దెబ్బలు రాయడం.

"లేనిది ముందు రాయి. ఉన్నది తర్వాత" అంటాడు.
"వాసన గురించి మాత్రం రాయకు,
వాసనకి ఎవడూ డబ్బులివ్వడు."

సరేనని రాస్తాను:
వెన్ను చిట్లింది, కుట్టు గట్టిది.
నూట పది దగ్గర హాల్ టికెట్టు, ఫొటో పీకేశారు.
బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్‌లో
రెండ్రోజులు నానింది,
మేడ మీద ఆరబెట్టినా అట్ట మూత పడదు,
నోరు తెరిచి నిద్రపోయే ముసలాడిలా.
ఆ చివరి ముక్క భాయ్ కొట్టేశాడు.
"నీటి మరక ఉంది" చాలన్నాడు.

మొదటి పేజీలో "ప్రేమతో" అని సంతకముంటే
పాతిక తగ్గుతుంది.
ప్రేమించినవాడు పేరున్నవాడైతే వంద పెరుగుతుంది.
ఈ లెక్క ఒంటబట్టడానికి నాకు ఏడాది పట్టింది.

ఆ పుస్తకం
తూకానికొచ్చిన గోనెసంచిలో, ఎంసెట్ గైడ్ల కింద దొరికింది.
పదిహేడో పేజీ నుంచి మొదలు.
పేరు లేదు, రాసినవాడు లేడు,
ఏ ఊళ్లో అచ్చయిందో, ఏ ఏడో తెలీదు.
లోపలంతా బందరు కాలువ పడవలు.
ఏ లాకు దగ్గర ఎంతసేపు ఆగాలి,
తడిస్తే తాడు ఎన్ని బెత్తెలు కురచవుతుంది,
ఉప్పు బస్తా పక్కన ధాన్యం బస్తా ఎందుకు పెట్టకూడదు.
అక్కడ అంచులో ఎవరో పెన్సిల్‌తో పోట్లాడారు:
"అబద్ధం. నేను పెట్టాను. ఏమీ కాలేదు."
రెండు పేజీలు తిప్పాక, అదే చేత్తో, చిన్నగా:
"అయింది."

గుంటూరు ప్యాసింజర్‌లో దిగాడు
అరండల్‌పేట శౌరయ్య మాస్టారు,
చంకలో పేపరు చుట్టిన పొట్లం.
పొట్లంలో అదే పుస్తకం. తల ఉంది దానికి.
నడుములోనే ఎనిమిది పేజీలు లేవు,
అరవై అయిదు నుంచి డెబ్బై రెండు.
మా దాంట్లో ఉన్నాయి.

"ఎనిమిది పేజీలకి లెక్క గట్టు భాయ్."
"కోడి కాదు మాస్టారూ, కాలు విడిగా కొట్టివ్వడానికి.
పోనీ దాని పేరేంటో చెప్పండి, తగ్గిస్తా."
మాస్టారు పొట్లం మీద అరచెయ్యి పెట్టాడు.
"చెబితే నీ రేటు పెరుగుద్ది."
నిజమే కదా అని భాయ్ నవ్వాడు,
నవ్వుతూనే మూడొందల్ని నాలుగొందలు చేశాడు.

ఇద్దరూ దిగలేదు.
స్టూలు వేశాను.
ఫోన్‌లో ఫొటో తీసుకోండి అన్నాను.
"ఫొటో తీస్తే మీదే ఉంటుంది. రాసుకుంటే నాదవుద్ది."
మూడు రోజులు రాశాడు, గీతల నోటుబుక్కులో,
చుక్క పొల్లు పోకుండా.
పెన్సిల్ పోట్లాట వచ్చినచోట
పెన్ను పక్కన పెట్టి నన్ను పెన్సిల్ అడిగాడు.

మూడోరోజు సాయంత్రం టీకి వెళ్లాడు.
స్టూలు మీద పొట్లం, పురికొస ముడి వదులుగా.
నా వేలు వెళ్లింది పేపరు మడత దాకా.
భాయ్ చూశాడు. ఏమీ అనలేదు.
అనుంటే ఎత్తేసేదాన్నేమో.
వేలు తిరిగొచ్చింది.

మాస్టారు మా టీ డబ్బులు కూడా తనే ఇచ్చి
ఐదింటి బండికి పోయాడు.

కొట్టు మూసేముందు కార్డు రాశాను:
మొదటి పదహారు పేజీలు లేవు.
కుట్టు గట్టిది. అంచుల్లో పెన్సిల్.
పేరు: తెలిసినాయన గుంటూరులో ఉన్నాడు.

కళ్లజోడు నుదుటి మీదకి నెట్టి
కార్డుని ముక్కు దగ్గర పెట్టుకుని చదివాడు భాయ్.
ఈసారి ఏదీ కొట్టెయ్యలేదు.
ధర దగ్గర మాత్రం
నాలుగు మీద ఐదు దిద్దాడు.